ఆదివారమా, ప్రతి ఉదయమా, కార్తెల వారీగానా: అడవి కూరలు, ఆకు పనులు, వెబ్‌సైట్ కలిపి నడపడానికి ఏ పద్ధతి మేలు?

తొలకరి దగ్గర పడుతోందంటే చాలు, సాగు చేయకుండా మొలిచే ఆకుకూరల గురించి, ఈతాకు, మోదుగాకు పనుల గురించి సొంతంగా వెబ్‌సైట్ నడుపుతున్నవారు, కొత్తగా మొదలుపెట్టాలనుకుంటున్నవారు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: బయట తిరగడానికీ కంప్యూటర్ ముందు కూర్చోవడానికీ ఉన్న కాలాన్ని ఎలా పంచుకోవాలి? హైదరాబాద్‌లో ఉంటూ ఈ రెండు పనులూ చేస్తున్నవారిలో నాకు ప్రధానంగా మూడు పద్ధతులు కనిపిస్తున్నాయి. వారమంతా సైటు పని చూసుకుని ఆదివారం పొలాల బాట పట్టడం మొదటిది. రోజూ తెల్లవారుజామున బయటికి వెళ్ళి, మధ్యాహ్నం నుంచి రాత కొనసాగించడం రెండోది. ఏడాదిని కార్తెల ప్రకారం విడగొట్టుకుని, వానాకాలమంతా బయటి పనికి, ఎండాకాలమంతా సైటుకు కేటాయించడం మూడోది. నేను ఇటీవలే మూడోదానికి పూర్తిగా మారాను. అందువల్ల నా మొగ్గు ఎటో దాచడం లేదు గానీ, మిగిలిన రెండింటికీ ఉన్న బలాలను తక్కువ చేయను.

ఖర్చు, ప్రయాణం, ఓపిక వంటి లెక్కలన్నీ ముఖ్యమైనవే. అయినా నా దృష్టిలో తేల్చవలసిన విషయం వేరే ఉంది. ఒకే మొక్కను, ఒకే చోట, మొలక నుంచి కాయ దాకా చూసే వీలు ఏ పద్ధతిలో ఉందన్నదే అసలు ప్రశ్న. మనం రాసింది చదివి ఎవరో ఒకరు ఆ ఆకును ఇంట్లో పప్పులో వేసుకుంటారు, పిల్లలకూ పెడతారు. ఒక్కసారి చూసి, ఫోటో తీసి, పేరు పెట్టి ప్రచురించడం చేతిపనుల విషయంలో చెల్లుతుందేమో గానీ, తినే ఆకు విషయంలో చెల్లదు.

తంటెం కూరనే తీసుకోండి. కొన్నిచోట్ల దీన్నే తగిరిస అంటారు. ఆరుద్ర కార్తెలో, అంటే జూన్ నాలుగో వారం ప్రాంతంలో, గట్ల మీద గుంపులుగా మొలిచే ఈ లేత ఆకు తెలంగాణ పల్లెల్లో ఇష్టంగా తినేదే. అదే గట్టు మీద, అదే వారంలో కసివింద కూడా మొలుస్తుంది. కసివింద గింజలు తిన్న పిల్లలు ప్రాణాలు కోల్పోయిన ఉదంతాలను పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో వైద్యులు నమోదు చేశారు. రెండు మొక్కలూ వేళ్ళ మధ్య నలిపితే ఘాటుగా వాసన వేస్తాయి, రెండింటికీ పసుపు పూలే పూస్తాయి. దగ్గరగా చూస్తే తంటెం రెమ్మకు సాధారణంగా మూడు జతల ఆకులు, కొసలు గుండ్రంగా ఉంటాయి. కసివిందకు జతలు ఎక్కువ, ఆకు కొసలు సూదిగా ఉంటాయి, తొడిమ మొదట్లో ఉబ్బెత్తుగా ఒక చిన్న గ్రంథి కనిపిస్తుంది. మొలక దశలో ఈ తేడాలు పూర్తిగా తేలవు. హస్త కార్తె నాటికి కాయలు వచ్చాక తంటెం కాయ సన్నగా, పొడవుగా, కొడవలిలా వంగి ఉంటే, కసివింద కాయ బల్లపరుపుగా ఉంటుంది. జూన్‌లో తుంచిన ఆకు ఏదో అక్టోబరు నాటికి గానీ మనకు నూటికి నూరు పాళ్ళు రూఢి కాదన్నమాట. మరి జూన్‌లోనే దాని గురించి రాసి పెట్టడం ఎంతవరకు సబబు?

ఈ కోణంలో చూస్తే ఆదివారం పద్ధతి బలహీనంగా తేలుతుంది. దాని సౌలభ్యం కాదనలేనిది. ఉద్యోగం చేసేవారికి దొరికేది ఆ ఒక్క రోజే; సైటు పని ఎక్కడా ఆగదు, పాఠకులకు వారం వారం ఏదో ఒకటి అందుతుంది, హోస్టింగ్ గడువో బ్యాకప్పో మరిచిపోయే ప్రమాదమూ తక్కువ. చిక్కు ఎక్కడ వస్తుందంటే, వారానికి ఒక్కసారి వెళ్ళేవారు ఆ రోజును వృథా కానివ్వకూడదని ఒక వారం వికారాబాద్ వైపు, మరో వారం శామీర్‌పేట వైపు, ఇంకో వారం చేవెళ్ళ వైపు వెళ్తారు. కొత్త చోటు, కొత్త మొక్క, కొత్త ఫోటో సైటుకు బాగానే ఉంటాయి. కానీ మొదటి వారం చూసిన తంటెం కాయ కాసిందో లేదో తిరిగి వెళ్ళి చూసేవారు అరుదు. దీనికి తోడు వానల్లో లేత ఆకు వారం తిరిగేసరికి ముదిరిపోతుంది. గంగవాయిలి కూర లేతగా ఉన్నప్పుడు పప్పులో కరిగిపోతుంది, పూత పట్టాక ఆ రుచి రాదు. పైగా గంగవాయిలి పక్కనే నేలకు అంటుకుని నానబాలు జాతి మొక్కలు పాకుతుంటాయి. కాడ తుంచి చూస్తే గంగవాయిలి నుంచి నీరు వస్తుంది, నానబాలు నుంచి తెల్లటి పాలు కారతాయి. ఈ ఒక్క పరీక్షయినా ప్రతిసారీ చేయాలి. బుట్ట నిండితే చాలనుకునే ఆదివారపు తొందరలో అదే తప్పిపోతుంది.

రోజూ ఉదయం వెళ్ళే పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. మొయినాబాద్ దగ్గరో, శంకర్‌పల్లి దగ్గరో పొలాల అంచున ఇల్లు ఉన్నవారికి ఇంతకు మించిన భాగ్యం లేదు. అదే గట్టు, అదే చెలక ప్రతిరోజూ కంటి ముందు మారుతూ కనిపిస్తాయి. బోడ కాకర తీగలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు అన్న సంగతి పుస్తకంలో చదివితే ఒకలా ఉంటుంది. వానలు పడగానే నేలలోని గడ్డ నుంచి తీగ లేచి, పూత వచ్చాక, ఒక తీగ పూల కింద బుల్లి కాయ ఉండటం, పక్క తీగకు అది లేకపోవడం రోజూ చూస్తుంటే ఇంకోలా బోధపడుతుంది. చేతిపనికీ ఈ పద్ధతి బాగా కుదురుతుంది, ఎందుకంటే నీడన ఆరబెట్టిన ఈతాకును రోజూ తిరగేయాలి.

అయితే నగరం నడిబొడ్డున ఉండేవారికి రోజూ వెళ్ళదగిన చోటు ఎక్కడుంది? కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి మూడూ నేషనల్ పార్కులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడ మొక్కలను కోసుకుపోవడం నేరం. మూసీ ఒడ్డున, మురుగు కలిసే చెరువుల గట్ల మీద, పరిశ్రమల పక్కన, రైలు పట్టాల వెంట మొలిచినవి ఎంత పచ్చగా కనిపించినా తినడానికి పనికిరావు. మట్టిలో చేరిన లోహాలు, చల్లిన కలుపు మందులు కడిగితే పోయేవి కావు. ఇవన్నీ తీసేస్తే రోజువారీ పద్ధతి నగరవాసుల్లో బహు కొద్దిమందికే సాధ్యమని తేలుతుంది. మరో ఇబ్బంది కూడా ఉంది. తెచ్చిన కూరను ఆ పూటే ఏరి, ఆకు వలిచి, మట్టి పోయేదాకా నాలుగు నీళ్ళలో కడిగి వండుకోవాలి. ఉదయపు పని అలా మధ్యాహ్నం దాకా సాగి, ఆ తర్వాత రాయడానికి కూర్చుంటే మిగిలేది అలసటే. రెండు పనులూ రోజూ జరుగుతున్నట్టే ఉంటాయి గానీ, సైటులో ఒక్క వ్యాసమూ లోతుగా ఎదగదు.

ఇక కార్తెల పద్ధతి. మన రైతులు ఏడాదిని 27 కార్తెలుగా, ఒక్కొక్కటి దాదాపు రెండు వారాలుగా లెక్కిస్తారు. మృగశిర నుంచి చిత్త దాకా, అంటే జూన్ రెండో వారం నుంచి అక్టోబరు నాలుగో వారం దాకా, బయటి పనికే మొదటి హక్కు. తెలిసిన రైతు పొలం ఒకటి అనుమతితో ఎంచుకుని, కార్తెకు ఒక్కసారైనా అదే గట్టు మీదికి వెళ్ళి, అవే మొక్కలను మళ్ళీ చూడాలి. ఆకు ముందు వైపు, వెనక వైపు, కణుపు, పువ్వు, కాయ, గింజ విడివిడిగా ఫోటోలు తీసి, తేదీతో పాటు కార్తె పేరూ రాసుకోవాలి. ఆశ్లేషలో లేత ఆకుగా కూరకు కోసిన గునుగు, బతుకమ్మ నాటికి తెల్లగా, గులాబి రంగుగా కంకి వేసి తంగేడు పక్కన పేర్చబడటం చూసినవారికి ఆ మొక్క విషయంలో ఇక సందేహం మిగలదు.

ఈ నాలుగున్నర నెలలు సైటు మూగబోదా అని అడుగుతారు. మూగబోదు, ఎందుకంటే ఈ పద్ధతిలో సైటు ఒక ఏడాది వెనక నడుస్తుంది. నిరుడు మొలక నుంచి కాయ దాకా చూసిన మొక్క గురించి ఈ ఎండాకాలం రాస్తాం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మధ్యాహ్నం బయట అడుగు పెట్టలేని ఆ రోజులు వ్యాసాలు సరిదిద్దడానికి, ఫోటోల పరిమాణం తగ్గించడానికి, పాత పేజీల్లో పేర్లు సరిచూడటానికి అన్నివిధాలా అనుకూలం. కొత్త పేజీని సెర్చ్ ఇంజన్లు గుర్తించి ముందుకు తేవడానికి వారాలు పడుతుంది కాబట్టి, మే నెలలో పెట్టిన తంటెం వ్యాసం సరిగ్గా జూన్ చివర్లో, జనం వెతికే వేళకు అందుబాటులోకి వస్తుంది. అదే జూన్‌లో చూసి జూన్‌లోనే రాస్తే అది పాఠకుడికి చేరేసరికి ఆకు ముదిరిపోతుంది. తాజాదనం పోతుందని భయపడేవారు ఈ సంగతి ఆలోచించాలి. వానాకాలంలో వారానికి ఒకటి చొప్పున వెలువడేలా ముందే తేదీలు పెట్టి ఉంచితే సరిపోతుంది.

ఎండాకాలం పూర్తిగా ఇంటిపట్టునే గడపాలని కాదు. చింతచిగురు, తునికి పండ్లు, మొర్రి పండ్లు, ఆపై ఈత పండ్లు ఆ కాలానివే. వాటికి తెల్లవారుజాములు చాలు. చేతిపని కూడా ఇక్కడ మనకు సాయపడుతుంది, ఎందుకంటే కూర ఆగదు గానీ ఆకు ఆగుతుంది. పూలు రాలాక వచ్చిన మోదుగాకు ముదిరిన తర్వాత కోసి, నీడన ఆరబెట్టి, బరువు కింద అణచి ఉంచుకుంటే, వీలైనప్పుడు నీళ్ళు చిలకరించి మెత్తబరిచి పుల్లలతో విస్తరి కుట్టుకోవచ్చు. ఈతాకూ అంతే, ఎండిన ఆకును తడిపి ఎప్పుడైనా అల్లుకోవచ్చు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి: ఈత వనాలు గీత కార్మికుల జీవనాధారం, వారిని అడగకుండా ఒక్క మట్టా కోయకూడదు.

మిగిలిన దారుల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. సైటును జీతానికి మరొకరి చేతిలో పెట్టవచ్చు. హోస్టింగ్, అప్‌డేట్లు, బ్యాకప్‌లు వారికి అప్పగించడం మంచిదే, మొక్కల పేర్లు మాత్రం అప్పగించకూడదు. వ్యాసాలు మానేసి వీడియోలకు మారడం వల్ల శ్రమ తగ్గదు. ఊరికి మకాం మార్చగలిగినవారికి అసలు ఈ ప్రశ్నే లేదు.

ఉద్యోగం వల్ల ఆదివారాలు తప్ప మరేమీ దొరకనివారు కూడా కార్తెల పద్ధతిని పాటించవచ్చు. ఊళ్ళు మార్చడం ఆపి, ఒకే పొలాన్ని పట్టుకుని, రెండు ఆదివారాలకు ఒకటి దానికి ఇచ్చి, రెండోది ఇంట్లో నోట్సు సరిచేసుకోవడానికి ఉంచుకోండి. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన మహిళా సంఘాల సభ్యులు పంట చేలల్లో వాటంతట అవే మొలిచే కూరలను ఎన్నో ఏళ్ళుగా గుర్తుపట్టి కాపాడుకుంటూ వస్తున్నారు. వారికి ఆ పట్టు వచ్చింది తమ చేనును ఏళ్ళ తరబడి చూడటం వల్లనే. మీరు ఎంచుకున్న పొలంలో కలుపు తీసే అమ్మలను, అక్కలను మొదటి రోజే పలకరించండి, ఏ చాళ్ళలో ఏ మందు చల్లారో కోత కోసే ముందే వారిని అడిగి తెలుసుకోండి, కోసిన దాంట్లో వారి వాటా వారికి వదిలి రండి. ఫోటోలతో పాటు పొలం ఉన్న చోటును మాత్రం సైటులో పెట్టకండి. ఊరి పేరు బయటపడితే మరుసటి ఆదివారానికి ఆ గట్టు మీద ఏ మొక్కా కాయ దాకా మిగలదు.