శాండెల్ ‘జస్టిస్’ పాఠాలు: కాంట్ దగ్గర మా ఇంట్లో వాదన

హార్వర్డ్‌లో తత్వవేత్త మైఖేల్ శాండెల్ చెప్పిన ‘జస్టిస్’ (న్యాయం) కోర్సు మొత్తం 12 భాగాలు, ఒక్కోటి దాదాపు గంట, యూట్యూబ్‌లో ఉచితం. ఇంటర్ చదివే మా అబ్బాయితో కలిసి రాత్రి భోజనాలయ్యాక చూశాను. ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా.

ఉపోద్ఘాతాలేమీ ఉండవు. బ్రేకులు పోయిన ట్రామ్, ఎదురుగా పట్టాల మీద ఐదుగురు కూలీలు, పక్క దారిలో ఒక్కడు, తిప్పుతారా? హాల్లో చాలామంది తిప్పుతామన్నారు. అదే ఐదుగురి కోసం వంతెన మీదున్న లావుపాటి మనిషిని కిందకి తోస్తారా అంటే ఆ చేతులు లేవలేదు. తర్వాత 1884 నాటి నిజమైన కేసు. మిన్యొనెట్ అనే ఓడ మునిగి నలుగురు చిన్న పడవలో చిక్కుకున్నారు, తినడానికి రెండు టర్నిప్ డబ్బాలే, చివరికి 17 ఏళ్ల రిచర్డ్ పార్కర్ని చంపి మిగతా ముగ్గురు తిన్నారు. ‘ముగ్గురు బతికారు కదా నాన్నా’ అన్నాడు మావాడు. ఇంగ్లండ్ తత్వవేత్త బెంథామ్ లెక్క అదే, మొత్తం మీద సుఖం పెరిగి బాధ తగ్గితే అదే మంచి పని. మరి ఆ పిల్లాడు ఒప్పుకున్నాడా, కనీసం చీటీలైనా వేశారా అన్న ప్రశ్న వచ్చేసరికి మావాడు ఆలోచనలో పడ్డాడు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఏడో భాగం. స్నేహితుణ్ని ఇంట్లో దాచారు, హంతకుడు తలుపు కొట్టి ఎక్కడున్నాడని అడిగాడు, అబద్ధం ఆడొచ్చా? వద్దంటాడు జర్మన్ తత్వవేత్త కాంట్. అయితే అబద్ధం కాకుండా, దారి తప్పించే నిజం చెప్పొచ్చని శాండెల్ కాంట్ తరఫున వాదిస్తాడు. అక్కడ వీడియో ఆపేశాం. ప్రాణం పోయే చోట బొంకవచ్చని శుక్రాచార్యుడు బలికి చెప్పిన పద్యం మనకి స్కూల్లోనే వచ్చు, కానీ బలి వినలేదు, మాట తప్పనన్నాడు, అంటే కాంట్ పక్షమే కదా! ఇక దారి తప్పించే నిజం అంటే ధర్మరాజు ద్రోణుడితో అన్నదే. ఆ మాటతో, నేలకి ఎత్తుగా నడిచే ధర్మరాజు రథం నేలకి దిగిపోయింది. అది కూడా తప్పేనని భారతం అంత స్పష్టంగా చూపించింది. దొంగలకి నిజం చెప్పి, దాక్కున్నవాళ్ల చావుకి కారణమై నరకానికి పోయిన కౌశికుడి కథ కూడా అందులోనే ఉంది. అర్ధరాత్రి దాటేదాకా తెగలేదు మాకు.

అర మార్కు తగ్గించింది ఇందుకే. బెంథామ్, కాంట్, రాల్స్, అరిస్టాటిల్, ఈ తత్వవేత్తలందరూ పశ్చిమం వాళ్లే. నీతికి ఆధారం ఏమిటని ఇంత లోతుగా అడిగే చోట వ్యాసుడు లేకపోవడం నాకు నిజంగా బాధ. చివర్లో అరిస్టాటిల్ భాగాలు కాస్త నెమ్మదిగా సాగాయి కూడా. రాల్స్ మాత్రం వదలొద్దు, రేపు ఏ ఇంట్లో పుడతావో తెలియకుండా రూల్స్ రాయమంటే ఏం రాస్తావని అడుగుతాడాయన.

ఒంటరిగా చూడకండి, పక్కన వాదించే మనిషి ఉండాలి. వచ్చే ఆదివారం ఏడో భాగం మళ్లీ పెడుతున్నా, ఈసారి మా నాన్నగారితో. ఆయనకి ఇంగ్లీషు రాదు, భాగవతం పద్యాలు మాత్రం కంఠతా వచ్చు, కాబట్టి ఆపి ఆపి తెలుగులో చెప్పే పని మావాడిది.