ఐబీఎస్‌కి హిప్నోథెరపీ: మూడేళ్ళు చేశాక నా అనుభవం

ఐబీఎస్‌తో తొమ్మిదేళ్ళు అవస్థ పడ్డాను. ఐబీఎస్ అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పరీక్షల్లో ఏమీ కనిపించకపోయినా కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాల తేడాతో వేధించే పేగుల సమస్య. బస్సెక్కే ముందు దారిలో బాత్రూమ్‌లు ఎక్కడున్నాయో లెక్క వేసుకునేవాడిని. రక్తపరీక్షలు, కొలనోస్కోపీ అన్నీ నార్మలే. మందులతో కొన్నాళ్ళు తగ్గి మళ్ళీ మొదలయ్యేది. హిప్నోథెరపీ, అంటే మనసును గాఢమైన విశ్రాంతిలోకి తీసుకెళ్ళి మాటలతో, ఊహలతో చేసే చికిత్స. ఆ మాట ఎత్తింది మా గ్యాస్ట్రో డాక్టరే.

మంత్రమేదో వేస్తారనుకున్నాను. కానీ దీని వెనక వైద్యం ఉంది. మాంచెస్టర్‌లో పీటర్ వోర్వెల్ బృందం ఏ మందుకూ లొంగని 30 మంది ఐబీఎస్ రోగులతో చేసిన ప్రయోగం 1984లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. మందులు 12 నెలలు వాడినా తగ్గనివాళ్ళ విషయంలో దీన్ని ఆలోచించమని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. పేగులకూ మెదడుకూ మధ్య నిత్యం కబుర్లు నడుస్తూనే ఉంటాయి. టెన్షన్ పడితే కడుపు తిప్పేది అందుకే.

నేను వారానికొకటి చొప్పున 12 సెషన్లు చేశాను. సెషన్ జరుగుతుంటే నిద్రపోం, స్పృహ పోదు. వీధిలో కూరగాయల బండి అరుపు వినిపిస్తూనే ఉంటుంది, పట్టించుకోబుద్ధి కాదు, అంతే. అరచెయ్యి పొట్టమీద పెట్టుకుని ఆ వెచ్చదనం లోపలికి దిగుతున్నట్టు ఊహించమన్నారు. తర్వాత నెమ్మదిగా పారే నీళ్ళు. నాకు మా కోనసీమ ఇంటి వెనక కాలువే కళ్ళముందుకొచ్చింది. ఆ రోజు నుంచి అదే నా బొమ్మ. రోజూ రాత్రి 20 నిమిషాలు రికార్డింగ్ పెట్టుకుని సాధన చేయాలి. అసలు పని ఇదే.

మొదటి నెల ఏ మార్పూ లేదు, మానేద్దామనుకున్నాను. ఏడో వారానికి ఉబ్బరం తగ్గింది, మూడు నెలలకు నొప్పి వచ్చే రోజులు సగానికి పడ్డాయి. పూర్తిగా పోలేదు. మధ్యలో రెండు నెలలు సాధన వదిలేస్తే మళ్ళీ తిరగబెట్టింది. మా ఆవిడ మైగ్రేన్‌కి ప్రయత్నించింది, తనకు పనిచేయలేదు. అందరూ ఒకేలా స్పందించరు.

దీనికి ముందు ఒకాయన దగ్గరికి వెళ్ళాను. పూర్వజన్మ చూపిస్తాను, మందులన్నీ ఆపెయ్యండి అన్నాడు. మొత్తం ఫీజు ముందే కట్టించుకున్నాడు. అలా చెప్పేవాళ్ళ దగ్గర ఒక్క నిమిషం కూడా కూర్చోకండి. సైకియాట్రీ లేదా క్లినికల్ సైకాలజీ చదివినవాళ్ళ దగ్గరికే వెళ్ళండి. విరేచనంలో రక్తం పడినా, ఊరికే బరువు తగ్గుతున్నా ముందు డాక్టరు పరీక్షలు చేయించుకోండి, ఇది ఆ తర్వాతే.