అమలాపురంలో కొన్న చలికోటు, బఫెలోలో ఉరిమిన మంచు

2022 నవంబరులో అమెరికాలోని బఫెలో నగరంలో ఉన్న మా అమ్మాయి ఇంటికి బయలుదేరే ముందు, అమలాపురంలోని ఒక బట్టల దుకాణంలో 3,800 రూపాయలకు ఈ చలికోటు కొన్నాను. ధనుర్మాసపు చలికి శాలువాతో సరిపెట్టుకునే కోనసీమలో ఇటువంటి సరుకు దొరకడమే వింత. "మంచులో నిలబడినా పరవాలేదండి" అని దుకాణదారు భరోసా ఇచ్చారు.

ఆ మాటకు పరీక్ష వెంటనే ఎదురైంది. బఫెలో పక్కనే, ఇంకా వెచ్చగా ఉన్న ఈరీ సరస్సు మీదుగా అతిశీతల గాలి వీచినప్పుడు, నీటి నుండి లేచిన తేమ మేఘాలుగా పేరుకొని మంచుతో పాటు ఒక్కోసారి మెరుపులనూ కురిపిస్తుంది. ఆ వారం సమీపంలోని ఆర్చర్డ్ పార్క్‌లో 6 అడుగులకు మించి మంచు పడింది. ఒక రాత్రి వరండాలోకి వెళ్ళేసరికి ఆకాశమూ నేలా ఒక్కసారిగా తెల్లగా వెలిగాయి. ఆ వెంటనే వినిపించిన ఉరుము, కురిసే మంచు శబ్దాన్ని మింగేయడం వల్ల, మన వైశాఖపు గాలివానలో లాగా ఫెళ్ళున పగలక, పక్క వీధి రైసుమిల్లులో బస్తా దించినట్టు మెత్తగా వినిపించింది. పిడుగుల వేళ బయట నిలబడినందుకు అమ్మాయి మందలించింది, అది న్యాయమే.

కోటు ఒంటిని వెచ్చగా ఉంచింది, టోపీ తడవలేదు. అయితే మణికట్టు దగ్గర వదులుగా ఉండి మంచు లోపలికి దూరింది, రెండో రోజుకే జిప్పు ఛాతీ దగ్గర ఇరుక్కుపోయింది. తిరిగివచ్చాక దుకాణంవారు జిప్పును ఉచితంగానే మార్చారు, కానీ అందుకు మూడు సార్లు తిప్పించుకున్నారు.