వంగిన కాలివేలికి సిలికోన్ మెత్త: నాలుగేళ్ల వాడకం తర్వాత

బొటనవేలి పక్కనున్న వేలు రెండు పాదాల్లోనూ మధ్య కణుపు దగ్గర గూనిలా పైకి లేచి, కొస నేలకు పొడుచుకునేది. డాక్టర్లు దీన్ని హ్యామర్ టో అంటారు. బడిలో రోజంతా నిలబడి పాఠాలు చెప్పే పని నాది. కణుపు మీద చెప్పు పట్టీ రాసుకుని ఆనెకాయ లేచింది. ఎడమ కాలి మెట్టె బిగుసుకుపోయి, చివరికి కంసాలి చేత కోయించాల్సి వచ్చింది. ఆ తర్వాత గానీ ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. అంతకు ముందు మందుల దుకాణంలో ఇచ్చిన ఆనెకాయ ప్లాస్టరు వేసుకుంటే, అందులోని ఆమ్లానికి చుట్టూ ఉన్న మంచి చర్మం కూడా ఊడి పుండు పడింది. మా అమ్మకు మధుమేహం ఉంది. ఆమె కాలికి మాత్రం దాన్ని తగలనివ్వను. స్పర్శ తగ్గిన పాదానికి అలాంటి పుండు చాలా ప్రమాదం.

డాక్టరు వేళ్లను నొక్కి చూశారు. కుడి వేలు తిన్నగా సాగింది, ఎడమది కదల్లేదు. ఏ చికిత్స పనికొస్తుందన్నది ప్రధానంగా ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుందని అప్పుడే తెలిసింది.

కుడి కాలికి వాడుతున్నది వేళ్ల కింద ఒత్తుగా ఇమిడే సిలికోన్ మెత్త. దానికి ఉంగరంలాంటి చుట్టు ఉంటుంది, దాన్ని వేలికి తొడుక్కోవాలి. మొదటి వారం కాలి కింద గులకరాయి ఉన్నట్టే అనిపించింది. రోజుకు గంటతో మొదలుపెట్టి మెల్లగా పెంచాను. రెండు నెలలకు వేలి కొసన కట్టిన కాయ మెత్తబడింది, సాయంత్రం మంట పోయింది. అయితే మెత్త తీసేస్తే వేలు మళ్లీ వంగుతుంది. శాశ్వతంగా వంపు తీస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. వేసవిలో చెమటకు వేళ్ల సందు నానిపోతుంది కాబట్టి రాత్రి తీసి, సబ్బుతో కడిగి ఆరబెడతాను. ఒక్కోటి నాకు అయిదారు నెలలు వస్తోంది, తర్వాత చుట్టు సాగిపోతుంది. కణుపు మీద తొడిగే గొట్టంలాంటి తొడుగు కూడా కొన్నాను. రాపిడి ఆగింది గానీ, ఇరుకు బూటులో అది ఇంకా ఇరుకు చేస్తుంది.

మెత్త కన్నా ఎక్కువ మేలు చేసింది చెప్పుల మార్పు. వెనక పట్టీ లేని చెప్పు జారకుండా వేళ్లు తెలియకుండానే దాన్ని బిగించి పట్టుకుంటాయి. హవాయి చెప్పులతో నేను ఏళ్ల తరబడి చేసింది అదే. పైగా వాటి బొటనవేలి పట్టీ మెత్త చుట్టుకు తగిలి ఒరుసుకుంటుంది. ఇప్పుడు ముందు భాగం వెడల్పుగా, లోతుగా ఉండి మడమ వెనక పట్టీ ఉన్నవే వేసుకుంటున్నాను. సాయంత్రం పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కనుక ఆ వేళే వెళ్లి కొంటాను.

ఎడమ కాలికి రెండేళ్ల కిందట ఆపరేషన్ తప్పలేదు. కణుపులో ఎముక కొసలు కొంత కోసి, తిన్నగా అతుక్కునేలా వేలి కొస నుంచి సన్నని తీగ దింపారు. అయిదు వారాలకు తీగ తీశారు. అది బయటికి కనబడుతున్నన్నాళ్లూ తడి తగలకుండా చూసుకోవడం, గట్టి అడుగున్న చెప్పుతో మడమ మీద నడవడం నిజంగా కష్టం. వాపు పూర్తిగా తగ్గడానికి ఏడు నెలలు పట్టింది. వేలు కాస్త పొట్టిదైంది, మధ్య కణుపు దగ్గర ఇక వంగదు. కానీ నొప్పి లేదు, ఆనెకాయ తిరిగి రాలేదు. వెండి మెట్టె మళ్లీ పెట్టుకున్నాను, ఈసారి కొసలు కలవని, విప్పుకోగలిగే రకం.

కుడి వేలిని రోజూ రాత్రి చేత్తో సాగదీసి పది లెక్కపెట్టేదాకా పట్టి ఉంచుతాను. నేల మీద పరిచిన తువ్వాలును వేళ్లతో దగ్గరకు లాగుతాను. నాలుగేళ్లయినా అది ఇంకా తిన్నగా సాగుతోంది.