గిటార్ తీగ లాగితే కదిలిన డొంక: బ్యాండ్‌క్యాంప్‌లో నా ఆరేళ్లు

ఒకరోజు పొద్దున లేచి చూస్తే నా ప్లేలిస్టులో పదకొండు పాటలు బూడిదరంగులోకి మారిపోయి ఉన్నాయి. నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. నెలనెలా డబ్బు కడుతున్న యాప్ అది, పేరెందుకులెండి. ఎవరు తీసేశారో, ఎందుకు తీసేశారో ఒక్క ముక్క చెప్పలేదు. వాటిలో ఎక్కువ భాగం 1980ల చివర్లో రెండు మూడు సింగిల్స్ వేసి చెల్లాచెదురైన బ్యాండ్లవి. అసలే ఒకసారి మాయమైనవాళ్లు, నా ఫోన్లోంచి రెండోసారి మాయమయ్యారు. ఆ ఉక్రోషంలో బ్యాండ్‌క్యాంప్‌లో ఖాతా తెరిచాను. ఆరేళ్లయింది. ఎన్ని ఆల్బమ్‌లు కొన్నానో ఇంట్లో ఎవరూ అడగరు, నేనూ చెప్పను.

తెలియనివాళ్లకి రెండు మాటలు. 2008లో మొదలైన ఈ సైటు పాటలు అమ్మే దుకాణం. బ్యాండ్లూ చిన్న లేబుళ్లూ (అంటే రికార్డులు వేసే కంపెనీలు) తమ పేజీ తామే తెరుచుకుని, ధర తామే పెట్టుకుంటాయి. కొనేముందు పాట మొత్తం వినొచ్చు. ఊరికే మళ్లీ మళ్లీ వింటూ కూర్చుంటే మాత్రం ఎప్పుడో ఒకప్పుడు 'ఇక జేబులో చెయ్యి పెట్టండి' అనే అర్థం వచ్చే మాట తెర మీద ప్రత్యక్షమవుతుంది. కొన్నాక ఎంపీ3 కావాలో, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైలు కావాలో మనిష్టం. ఫైలు మన హార్డ్ డిస్కులోకి వచ్చేస్తుంది. ఆ తర్వాత దాన్ని బూడిదరంగులోకి మార్చడం ఎవరి తరమూ కాదు.

ఇదంతా బాగానే ఉంది గానీ, నన్ను ఇక్కడ కట్టిపడేసింది వేరే. ఆల్బమ్ బొమ్మ పక్కనో కిందనో చిన్నచిన్న ఫొటోల వరుస ఒకటి కనిపిస్తుంది. ఆ ఆల్బమ్ కొన్నవాళ్లు వీళ్లు. ఏ ఫొటో మీద నొక్కినా ఆ మనిషి కొన్న పాటలన్నీ మన ముందు పరుచుకుంటాయి. కొందరు పక్కన ఒక వాక్యం కూడా రాస్తారు, ఈ పాటలో రెండో నిమిషం దగ్గర గిటార్ వినండి అని. ఇది కంప్యూటర్ లెక్కగట్టి చేసే సిఫారసు కాదు. ఎవరో తెలియని మనిషి ఇంటికెళ్లి, ఆయన పాటల బీరువా ముందు నేల మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఆయన అభిరుచి మనకు నచ్చకపోతే లేచి వచ్చేయొచ్చు, మొహమాటం లేదు.

ఒక రాత్రి సంగతి చెబితే ఈ దుకాణం ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కో బ్యాండ్ 'ది అంబ్రెల్లాస్' మొదటి ఆల్బమ్ వింటున్నాను. 2021లో స్లంబర్‌ల్యాండ్ అనే లేబుల్ వేసింది. గిటార్ తీగలు గలగలమంటుంటే ఒక అబ్బాయి గొంతు, ఒక అమ్మాయి గొంతు ఒకదాని వెనక ఒకటి పరిగెడతాయి. దాన్ని కొన్నవాళ్లలో ఒకరి కలెక్షన్‌లోకి వెళ్లాను. అక్కడ 'స్వాన్సీ సౌండ్' అనే పేరు తగిలింది. ఎప్పుడూ వినలేదు. 2020 లాక్‌డౌన్‌లో మొదలైన బ్యాండ్. హడావిడిగా, అల్లరిగా, సంగీత వ్యాపారాన్ని వెక్కిరిస్తూ పాడుతున్నారు. ఎవరో కుర్రకారు అనుకున్నాను. భలే పట్టానని మురిసిపోయాను కూడా.

తర్వాత పేజీలో పేర్లు చదివితే నా మొహం చూసుకోవాలి. అందులో పాడేవాళ్లలో ఒకరు అమీలియా ఫ్లెచర్. 1986లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైన 'తలూలా గోష్', ఆ తర్వాత 'హెవెన్లీ' అనే బ్యాండ్లలో పాడిన ఆవిడ. నేను కొత్తగా కనిపెట్టాననుకున్న గొంతు నా పాత క్యాసెట్లలోనే ఉంది! అక్కడినుంచి స్కెప్ వాక్స్ అనే లేబుల్ పేజీకి వెళ్లాను. దాన్ని నడిపేది ఆవిడా, ఆవిడతో పాటు హెవెన్లీలో ఉన్న రాబ్ పర్సీ. హెవెన్లీ పాత ఆల్బమ్‌లు నాలుగూ 2022 నుంచి అదే లేబుల్ మీద మళ్లీ వచ్చాయి. తీగ లాగితే డొంకంతా కదిలింది.

హెవెన్లీ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఓపిక పట్టండి. 1996లో డ్రమ్మర్, అమీలియా తమ్ముడు మాథ్యూ ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ పేరుతో వాయించడం అప్పుడే ఆపేశారు. మళ్లీ వేదికెక్కింది 2023లో. ఈ మధ్యలో ఆవిడ ఆర్థికవేత్తగా, ప్రొఫెసర్‌గా పని చేశారు. ఆ రోజుల్లో బ్రిటన్ పత్రికలు ఇలాంటి బ్యాండ్లని ముద్దుముద్దు మాటల పిల్లలని తీసిపారేసేవి. అప్పట్లో నేనూ అంతే అనుకున్నాను, ట్యూన్లకి తల ఊపానే తప్ప మాటలు పట్టించుకోలేదు. ఇప్పుడు 1993 నాటి రికార్డు ఒకటి బ్యాండ్‌క్యాంప్‌లో మాటలు చదువుకుంటూ విన్నాను. గంతులేసే ట్యూన్ ఒకటి, అందులో ఉన్నది నమ్మి వెళ్లిన అమ్మాయి మీద జరిగిన అత్యాచారం. ముప్పై ఏళ్లు నేను ఆ పాటకి ఈల వేస్తున్నాను. సిగ్గేసింది.

వాళ్ల మొదటి మూడు ఆల్బమ్‌లు వేసిన సారా రికార్డ్స్ బ్రిస్టల్‌ది, 1987లో ఇద్దరు మొదలుపెట్టిన లేబుల్. 1995లో వందో నంబరు రికార్డు వేసి, పత్రికల్లో ప్రకటన ఇచ్చి మరీ మూసేశారు. దివాలా తీసి కాదు, ఇక చాలనుకుని. ఆ లేబుల్ బ్యాండ్ల పేర్లు ఈ రోజు కొత్త బ్యాండ్లు రాసుకునే పరిచయ వాక్యాల్లో కనిపిస్తూనే ఉంటాయి. నాకు అది పని తేలిక చేస్తుంది. కొత్తవాళ్లు ఎవరి పేరు తలుచుకుంటే నేను ఆ పాతవాళ్ల పేజీకి వెళ్తాను.

పేజీ అడుగున ట్యాగులుంటాయి. శైలి పేరుతో పాటు ఊరి పేరు కూడా. ఊరి ట్యాగు నాకు ఎక్కువ ఇష్టం. న్యూజిలాండ్‌లోని డునెడిన్ అని నొక్కి చూడండి. 1982లో ది చిల్స్, ది వెర్లేన్స్, స్నీకీ ఫీలింగ్స్, ది స్టోన్స్ అనే నాలుగు బ్యాండ్లని ఒక్కో పక్కకి ఒక్కటి చొప్పున రెండు రికార్డుల మీద వేసి అమ్మింది ఫ్లయింగ్ నన్ అనే లేబుల్. క్రిస్ నాక్స్ అనే అక్కడి సంగీతకారుడి దగ్గరున్న నాలుగు ట్రాకుల టేపు మిషన్ మీద రికార్డు చేశారు. గిటార్ దూరంగా, తడిగా వినిపిస్తుంది. ఆ ధ్వని పట్టుకున్న కొత్త కుర్రాళ్లు ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్నారు. దక్షిణ కొరియాలోని బుసాన్ బ్యాండ్ 'సే సూ మీ' వినండి, గిటార్ అలలా వచ్చి పడుతుంది.

శైలి ట్యాగులు మాత్రం నమ్మకండి. ఎవరి ట్యాగు వాళ్లే పెట్టుకుంటారు కాబట్టి గిటార్ ఉన్న ప్రతివాడూ 'ఇండీ పాప్' అని రాసేసుకుంటాడు. ఇంకో తమాషా, 'సీ86' అనే ట్యాగు. అది బ్రిటన్ సంగీత పత్రిక ఎన్‌ఎంఈ, రఫ్ ట్రేడ్ అనే లేబుల్ కలిసి 1986లో తెచ్చిన క్యాసెట్ పేరు. 22 బ్యాండ్లు, 22 పాటలు. ఇవాళ ఆ పేరు ఒక శైలికి పేరైపోయింది. తీరా క్యాసెట్ వింటే స్టంప్, బాగ్‌షెడ్, బిగ్ ఫ్లేమ్ లాంటివాళ్లు కర్రతో రేకు మీద కొట్టినట్టు వాయిస్తారు. సున్నితమైన గిటార్ పాటలు ఆశించి వెళ్లినవాళ్లు ఉలిక్కిపడతారు. నాకు అదే ఇష్టం, అది వేరే సంగతి.

డబ్బు సంగతి. డిజిటల్ అమ్మకం మీద కంపెనీ వాటా 15 శాతం, రికార్డులూ టీషర్టులూ లాంటి వాటి మీద 10 శాతం. చెల్లింపు చార్జీలు వేరే. మిగిలింది బ్యాండ్‌కి. 2020 మార్చిలో కోవిడ్ వల్ల కచేరీలన్నీ ఆగిపోయినప్పుడు ఒక శుక్రవారం ఆ వాటా కూడా వదులుకున్నారు. అదే బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడేగా నిలిచిపోయింది. నేను నెలంతా విష్‌లిస్టులో పేర్చుకుని ఆ రోజు కొంటాను. రద్దయిపోయిన బ్యాండ్‌కి ఇప్పుడు డబ్బు పంపితే ఏం లాభం అని ఒక స్నేహితుడు అడిగాడు. లాభం సంగతి ఏమో గానీ, ఎవరో ఇంకా వింటున్నారని వాళ్లకి తెలుస్తుంది కదా. గ్లాస్గో బ్యాండ్ 'ది వాజలీన్స్' సంగతే తీసుకోండి. మొదటి ఆల్బమ్ వచ్చే సమయానికే విడిపోయారు. వాళ్ల పాటలు మూడింటిని పేరుమోసిన అమెరికా రాక్ బ్యాండ్ నిర్వాణా తిరిగి పాడింది. అప్పుడు గానీ లోకం ఆ బ్యాండ్ వైపు చూడలేదు. వాళ్ల రెండో ఆల్బమ్ 2010లో వచ్చింది. ప్రతి బ్యాండ్‌కీ ఒక నిర్వాణా దొరకదు.

ఇక లోటుపాట్లు. ఎవరో ఒకరు ఎక్కిస్తేనే పాట ఇక్కడ ఉంటుంది. హక్కులు ఎవరివో తేలనివి, మాస్టర్ టేపులు పోయినవి, సభ్యులకే పట్టనివి ఇక్కడ వెతికి లాభం లేదు. ఒక్కోసారి మాత్రం పాత సభ్యుడెవరో తన అటక మీది టేపుని ఎక్కించి, ఏ గదిలో రికార్డు చేశారో, ఆ రోజు ఎవరు ఆలస్యంగా వచ్చారో కూడా రాస్తాడు. సర్రుమనే టేపు చప్పుడుతో సహా కొంటాను అలాంటివి.

రెండోది యాజమాన్యం. 2022లో బ్యాండ్‌క్యాంప్‌ని ఎపిక్ గేమ్స్ అనే వీడియో గేముల కంపెనీ కొంది. రెండేళ్లు తిరగకుండానే సాంగ్‌ట్రాడర్ అనే సంగీత లైసెన్సింగ్ కంపెనీ చేతికి వెళ్లింది. 2023లో ఆ చేతులు మారినప్పుడు దాదాపు సగం మంది సిబ్బంది ఉద్యోగాలు పోయాయి. దుకాణం ఎప్పుడూ ఇలాగే ఉంటుందన్న భరోసా నాకు లేదు. అందుకే కొన్న ప్రతి ఫైలునీ ఆ పూటే డౌన్‌లోడ్ చేసి రెండు చోట్ల దాస్తాను. మీరూ దాచుకోండి. వంట చేసుకుంటూ ఏదో ఒకటి మోగుతూ ఉంటే చాలనుకునేవాళ్లకి ఇది వద్దు. ఇక్కడ చెయ్యి, చెవి రెండూ కదపాలి.

నాకు ఇంకా దొరకని పాట ఒకటుంది. ఎప్పుడో రేడియోలోంచి పట్టిన క్యాసెట్‌లో, బీ సైడు చివర. ఒక గిటార్, ఒక అమ్మాయి గొంతు, 40 సెకన్లు. పేరు చెప్పేలోపే టేపు అయిపోయింది. కొత్త కలెక్షన్ ఏది తెరిచినా ముందు దానికోసమే చెవి పెడతాను. మొన్న రాత్రి ఒక పాట మొదలవగానే దిగ్గున లేచి కూర్చున్నాను. అది కాదు. కానీ ఇదీ బాగుంది, కొనేశాను.