వెలిగే చేతిపట్టీకి ఏ దారం మేలు?

దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి కింద సాయంత్రపు రద్దీ ఎలా ఉంటుందో విజయవాడ వాళ్లకు చెప్పనక్కరలేదు. ఆ జనంలో మా మేనకోడలి చెయ్యి ఎక్కడుందో నాకు కనపడాలని, వెలిగే గుడ్డపట్టీ కుట్టాలనుకున్నాను. మంగళగిరి నూలు గుడ్డముక్క, మూడు చిన్న ఎల్‌ఈడీలు, 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ సిద్ధం చేసుకున్నాను. తేలనిదల్లా బ్యాటరీ నుంచి దీపాల దాకా కరెంటు మోసే దారం సంగతే. నాలుగు రకాలు ప్రయత్నించాను.

మొదట జరీ. లోహమే కదా అని కొత్త డ్రెస్సు అంచు నుంచి ఒక పోగు లాగి, కరెంటు పారుతుందో లేదో చూపే మల్టీమీటరు పెడితే పారనే లేదు. ఇప్పుడు బట్టల మీద వచ్చే జరీలో చాలావరకు ప్లాస్టిక్ పొర మీద లోహపు పూత, దాని మీద మళ్లీ రక్షణ పూత. మెరుపే తప్ప కరెంటుకు దారి ఉండదు. అమ్మ పాత పట్టుచీర జరీలో పారింది కానీ, దారం చుట్టూ చుట్టిన ఆ సన్నని తీగ సూదిలో రెండుసార్లు లాగేసరికి విడిపోయింది. ఇందుకోసం ఆ చీర అంచు పాడుచేయడానికి నాకు మనసు రాలేదు.

రెండోది, మోటార్లు చుట్టే షాపుల్లో దొరికే సన్నని వైండింగ్ వైరు. ఆటోనగర్ ఉన్న ఊళ్లో దానికి కొదవ లేదు, ధరా తక్కువే. రాగి కనుక నిరోధం, అంటే కరెంటుకు తగిలే అడ్డు, నామమాత్రం. పైన ఎనామిల్ పూత ఉంటుంది కాబట్టి రెండు తీగలు తగిలినా షార్ట్ కాదు, కొసలు మాత్రం గరుకు కాగితంతో గీకాలి. దీనితో కుట్టిన పట్టీ చక్కగా వెలిగింది, నాలుగో రోజున ఆరిపోయింది. బటన్ పెట్టి తీసే ప్రతిసారీ ఒకే చోట వంగి తీగ తెగింది. ఎక్కడ తెగిందో కనిపెట్టడానికి కుట్టంతా విప్పవలసి వచ్చింది. బడి వార్షికోత్సవంలో ఒక్క నాట్యానికైతే ఇది చాలు, రోజూ పెట్టుకునే పట్టీకి పనికిరాదు.

మిగిలినవి ఇందుకోసమే తయారైన దారాలు, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. వెండి పూసిన నైలాన్ దారం మెత్తగా, మామూలు దారంలాగే సూదిలో నడుస్తుంది. కుట్టడానికి ఇంతకన్నా హాయైనది లేదు. కానీ వెండికి గంధకం పడదు. చెమటలో, గాలిలో ఉండే గంధకం తగిలి నల్లబడుతుంది, ఉతుకుల్లో పూత అరుగుతుంది. మన ఎండల్లో మణికట్టు మీద చెమట ఆరేది ఎప్పుడు?

స్టీలు దారం మొండిది. ముడి జారుతుంది, కొస పీచులా విచ్చుకుని పక్క దారానికి తగిలితే షార్ట్ అవుతుంది. ప్రతి ముడి మీద రంగులేని గోళ్ల పాలిష్ చుక్క వేసి, ఆరాక కొసలు దగ్గరగా కత్తిరిస్తే ఆ బాధ తీరుతుంది. నిరోధం ఎక్కువన్న భయమూ అనవసరం. నేను వాడిన మూడు పేటల దారానికి అడుగుకు దాదాపు 10 ఓములు. పిల్ల మణికట్టుకు అర అడుగు, కరెంటు రానూపోనూ కలిపి అడుగు, అంటే 10 ఓములు. మూడు ఎల్‌ఈడీలు కలిపి 15 మిల్లీయాంపులు తీసుకున్నా దారంలో పోయేది 0.15 వోల్టుకు మించదు. బ్యాటరీ తీసేసి ఉతకవచ్చు. నా ఓటు దీనికే.

దారం ఏదైనా దీపాలన్నీ ఒకే రంగువి పెట్టండి. మొదట ఒక ఎరుపు, రెండు నీలం కుట్టాను. “అత్తా, ఎర్రదొక్కటే వెలుగుతోంది” అంది మా పిల్ల. ఎరుపు దీపానికి 2 వోల్టులు చాలు, నీలానికి దాదాపు 3 కావాలి. అన్నింటి ప్లస్సులూ ఒక దారానికి, మైనస్సులూ ఇంకో దారానికి కలిపితే ఎరుపు వోల్టేజిని కిందికి లాగేసి నీలాన్ని వెలగనివ్వదు. మూడూ ఎరుపువే పెట్టాక మూడూ వెలిగాయి.

పట్టీని మూసే లోహపు ప్రెస్ బటన్‌నే స్విచ్‌గా కుట్టాను. చేతికి పెడితే వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది. బ్యాటరీ జేబును మాత్రం నాలుగు వైపులా కుట్టేశాను, మార్చాలన్నా, ఉతికేటప్పుడు తీయాలన్నా కత్తెర కావలసిందే. పసిపిల్లలు బిళ్ల బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోవచ్చు. ఇంట్లో తమ్ముడో చెల్లో ఉంటే, వాడేసిన బ్యాటరీని కూడా వాళ్లకు అందనివ్వకండి.