కోరాపుట్ గట్టు మీద డాఫడిల్స్: ఎక్కడ దిగాలి, ఏ దుంప కొనాలి, ఏది కుదరదు

నవంబరులో కోరాపుట్ వెళ్లినవాళ్లు పెట్టే పసుపు కొండల ఫొటోల కింద "ఇవి డాఫడిల్సా?" అని అడిగేవాళ్లు చాలామంది. కావు, అవి వలిసెలు. అరకులో మనం చూసే పంటే సుంకి ఘాట్ దాటాక పొట్టంగి, సెమిలిగూడ దాకా వాలు పొలాల్లో పూస్తుంది. అక్కడి ఒడియావాళ్లు దాన్ని అలసి అంటారు. డాఫడిల్ చలిదేశాల దుంపపువ్వు, ఈ కొండల మీద తనంతట తాను పెరిగే మొక్క కాదు. దుంప బయటనుంచి రావాలి, దానికి చలి మనం చూపించాలి. అయినా సాలూరు, పార్వతీపురం, విజయనగరం వైపునుంచి పూలమీద మోజుతో వెళ్లేవాళ్లకూ, కోరాపుట్, జయపురంలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ గట్టు ఒక మంచి అవకాశం. కింద సముద్రమట్టంలో దొరకని రాత్రి చలి ఇక్కడ ఉంది.

ఆ చలి ఎంత, అది ఏ రకానికి సరిపోతుంది అన్నదాన్నిబట్టే ఊరు, బస, ప్రయాణం తేదీ నిర్ణయించుకోవాలి.

పెద్ద పసుపు బాకా పువ్వు, అంటే 'కింగ్ ఆల్ఫ్రెడ్' తరహా రకాలకు దుంప దశలో 4 నుంచి 9 డిగ్రీల చలి 12 నుంచి 15 వారాలు కావాలి. అంత చలి లేకపోతే లోపల ఏర్పడిన మొగ్గకు కాడ సాగదు, ఆకుల్లోనే ఎండిపోతుంది. కోరాపుట్ ఊరు దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది. డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీల చుట్టూ తిరుగుతాయి, మధ్యాహ్నం మాత్రం ఎండ గట్టిగానే కాస్తుంది. కాబట్టి ఈ వాతావరణం పువ్వు విప్పుకోవడానికి బాగుంటుంది గానీ, దుంపకు కావలసిన నిద్ర ఇవ్వడానికి చాలదు. ఆ పని ఫ్రిజ్‌తోనే జరగాలి. కిందనుంచి వచ్చేవాళ్లు ఇంటి ఫ్రిజ్‌లో చల్లబరచిన కుండీని మొగ్గ దశలో ఇక్కడికి తెచ్చి పూయించుకోవచ్చు.

డాఫడిల్స్‌లోనే పేపర్‌వైట్, 'గ్రాండ్ సొలేయ్ దోర్' లాంటి టాజెట్టా వర్గం వేరు. మధ్యధరా ప్రాంతపు మొక్కలు గనక వాటికి ఫ్రిజ్ అక్కర్లేదు. కాశ్మీరులో నర్గిస్ అని పిలిచేదీ ఈ వర్గంలోదే. ఒక్క కాడకు పది, పదిహేను చిన్న పువ్వులు గుత్తిగా వస్తాయి. మొదటిసారి పెంచేవాళ్లు వీటితో మొదలుపెట్టడం తెలివైన పని. ఒక హెచ్చరిక: పేపర్‌వైట్ వాసన ఘాటు. మూసి ఉన్న చిన్న గదిలో కొందరికి తలనొప్పి తెప్పిస్తుంది, వరండాలో అయితే హాయిగా ఉంటుంది.

ఇక ఊళ్లు. పూలపని కోసమే వెళ్తుంటే సెమిలిగూడ, సునాబెడ వైపు మా మొదటి ఓటు. రాత్రి చల్లగా ఉంటుంది, కూరగాయల సాగు ఎక్కువ, మాలి కులంవాళ్ల తోటపని చూడదగ్గది. లోపమల్లా బస. మంచి గదులు తక్కువ, పండగ సెలవుల్లో దొరకవు. కోరాపుట్ ఊళ్లో మధ్యరకం లాడ్జీలు, శబర శ్రీక్షేత్రం అనే జగన్నాథుడి గుడి దగ్గర యాత్రికుల బసలు ఉన్నాయి. శుభ్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది గనక గది చూశాకే డబ్బు కట్టండి. 22 కిలోమీటర్ల దూరంలో ఉన్న జయపురంలో హోటళ్లు మెరుగు, బజారు పెద్దది, తెలుగు ఎక్కువగా వినిపిస్తుంది. కానీ అది దిగువన ఉంది. అక్కడ మూడు రోజులు ఉంచిన మొగ్గ కుండీ కోరాపుట్‌లో ఉంచినదానికంటే ముందే విచ్చి ముందే వాడుతుంది. కుటుంబంతో వెళ్లేవాళ్లకు జయపురం, కుండీలతో వెళ్లేవాళ్లకు కోరాపుట్. రాయగడ రైలుకు అనుకూలం, డాఫడిల్‌కు మాత్రం వేడి.

దేవమాలి ఒడిశాలో ఎత్తయిన శిఖరం, 1672 మీటర్లు. చలి అక్కడే ఎక్కువ గనక కుండీలు అక్కడే పెడదామనిపిస్తుంది. వద్దు. గాలి ఆగదు, డాఫడిల్ కాడ బోలుగా ఉంటుంది, పువ్వు బరువుకు మెడ దగ్గర విరుగుతుంది. చలికాలంలో రాష్ట్ర పర్యాటక శాఖ దేవమాలి దగ్గరి పుట్‌సిల్ వైపు డేరాలు వేస్తుంది. ఉదయం మంచు చూడ్డానికి అది మంచి బస, ధర మాత్రం లాడ్జీతో పోల్చరానిది.

గది ఎంచుకునేటప్పుడు చూడవలసినవి రెండు. తూర్పు లేదా దక్షిణం వైపు కిటికీ, రాత్రి తెరిచి ఉంచగలిగేది. ఆ గాలివల్లే పువ్వు పది రోజులు నిలుస్తుంది. రెండోది ఫ్రిజ్. హోమ్‌స్టేలో అందరూ వాడే ఫ్రిజ్‌లో దుంపలు పెట్టాల్సి వస్తే అరటి, బొప్పాయి, సీతాఫలం, యాపిల్ ఉన్న అరలో పెట్టకండి. పండ్లనుంచి వచ్చే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను చంపేస్తుంది, దుంప పైకి మాత్రం నిక్షేపంగా కనిపిస్తుంది. కాగితం సంచిలో పెట్టి దానిమీద పెద్ద అక్షరాలతో "విషం, తినకూడదు" అని ఒడియాలోనూ తెలుగులోనూ రాయండి. ఇది అతి జాగ్రత్త కాదు. ఈ దుంప అచ్చం ఉల్లిగడ్డలా ఉంటుంది, ఇందులోని లైకోరిన్ అనే విషపదార్థం తిన్న కాసేపటికే వాంతులు పట్టిస్తుంది. వంటమనిషి చేతికి అందే చోట ఉంచకూడదు.

కొనుగోలు సంగతి. శుక్రవారం కుందులి సంత తప్పక చూడండి. కూరలు, దుంపలు, చిరుధాన్యాలు, పరజా తెగ, మాలి కులం ఆడవాళ్ల బేరాలు. డాఫడిల్ దుంప మాత్రం అక్కడ దొరకదు. కుండీలు, ఆకు ఎరువు దొరికితే తీసుకోండి. ఊళ్లలోని నర్సరీల్లో గ్లాడియోలస్, నేలసంపెంగ, లిల్లీ రకాలు అడగవచ్చు. "డాఫడిల్" అని రెయిన్ లిల్లీ అంటగట్టేవాళ్లుంటారు. రెయిన్ లిల్లీ దుంప గోలీకాయంత, డాఫడిల్ దుంప నిమ్మకాయకు తగ్గదు. అసలు దుంపలు కాశ్మీరు, హిమాచల్ నుంచీ, హాలెండ్ దిగుమతులనుంచీ పార్సెల్‌లో తెప్పించుకోవలసిందే. చుట్టుకొలత 14 సెంటీమీటర్లకు తగ్గనిది అడగండి. నొక్కితే గట్టిగా ఉండాలి. వేళ్లు పుట్టే అడుగు పళ్లెం మెత్తబడి గోధుమరంగు తిరిగితే అది ఫ్యుసేరియం అనే బూజు తెచ్చే కుళ్లు, వెనక్కి పంపేయండి. 'కింగ్ ఆల్ఫ్రెడ్' పేరుతో అమ్మేది చాలాసార్లు 'డచ్ మాస్టర్' అయి ఉంటుంది. పువ్వు బాగానే ఉంటుంది, పాత పేరుకోసం ఎక్కువ ధర మాత్రం ఇవ్వకండి.

రకాల్లో 'కార్ల్‌టన్', 'ఐస్ ఫాలీస్' వేడిని కాస్త ఓర్చుకుంటాయి, ఈ గట్టుకు అవే తగినవి. 'టెట్-ఎ-టెట్' పొట్టిది, కిటికీ గట్టు మీద ముచ్చటగా ఉంటుంది. తెల్లటి 'థాలియా' ఒక్కో కాడకు రెండుమూడు వంగిన పువ్వులిస్తుంది, ఓపికున్నవాళ్లు ప్రయత్నించండి. ముద్ద పువ్వు 'తహితి', ఎర్ర అంచు కన్నున్న 'ఆక్టియా' ఇక్కడ వద్దు. అవి ఆలస్యంగా పూస్తాయి. ఆలోగా ఎండ ముదిరి మొగ్గ పొరలోనే మాడుతుంది.

తేదీల లెక్కే అన్నిటికంటే ముఖ్యం. అక్టోబరు 1న ఫ్రిజ్‌లో పెడితే 14 వారాలకు జనవరి 7. బయట పెట్టాక మూడు నాలుగు వారాలకు పువ్వు, అంటే ఫిబ్రవరి మొదట్లో. నవంబరు చివర చేరిన దిగుమతి దుంపను అదే పద్ధతిలో పెడితే మార్చి మొదట్లో గానీ ఫ్రిజ్ దాటదు, ఆ ఎండలో పువ్వు రాదు. అందుకే ఆలస్యంగా దొరికితే, ముందే చల్లబరచినవా అని అమ్మేవాణ్ని అడగాలి. కాకపోతే పేపర్‌వైట్ కొనాలి.

దుంపను కుండీలో నాటి, తడిపి, కుండీతోసహా ఫ్రిజ్‌లో పెట్టడం మేలు. వేరు చలిలోనే పారుతుంది. 15 సెంటీమీటర్ల కుండీకి మూడు పెద్ద దుంపలు, కొన తేలేలా. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు గరుకు ఇసుక, ఒక పాలు బాగా మాగిన ఆకు ఎరువు. పచ్చి పేడ కలిపితే అడుగు కుళ్లుతుంది. బయటికి తీశాక మొదటి వారం నీడలో, మొలక పచ్చబడ్డాక ఉదయపు ఎండలోకి మార్చండి. ఒక్కసారిగా ఎండలో పెడితే కాడ పొట్టిగా ఆగిపోతుంది.

పేపర్‌వైట్‌కు మట్టి కూడా అక్కర్లేదు. గాజు గిన్నెలో గులకరాళ్లు పోసి దుంప అడుగు నీటికి తగిలీ తగలనట్టు ఉంచితే నాలుగు నుంచి ఆరు వారాల్లో పూస్తుంది. దుంప మునిగితే కుళ్లే. గదిలో కాడలు పొడుగ్గా సాగి వాలిపోతాయి. దీనికి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం ఒక ఉపాయం చెప్పింది. మొలక 3 నుంచి 5 సెంటీమీటర్లు రాగానే మామూలు నీళ్లు తీసేసి, సుమారు 5 శాతం ఆల్కహాల్ కలిపిన నీళ్లు పోయాలి. మందుల దుకాణంలోని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అయితే 1 పాలుకు 11 పాళ్ల నీళ్లు. మొక్క మూడోవంతు పొట్టిగా నిలుస్తుంది, పువ్వు సైజు తగ్గదు. బీరు, వైను పనికిరావు, వాటిలో చక్కెర ఉంటుంది.

కోసిన పువ్వులు కూజాలో పెట్టేముందు ఒక రాత్రంతా విడిగా నీళ్లలో ఉంచండి. వాటి జిగురు గులాబీల్ని వాడ్చేస్తుంది. తర్వాత కాడ మళ్లీ కొయ్యకండి, కోస్తే మళ్లీ జిగురు కారుతుంది. చాలా పూలు కోసేవాళ్లకు ఆ జిగురువల్ల చేతులు దురదపెడతాయి, తొడుగులు వేసుకోవాలి.

ప్రయాణంలో మొగ్గ కుండీని బస్సు ఇంజను వైపు సీటు కింద పెట్టకండి. విశాఖ-కిరండూల్ పగటి ప్యాసింజరు నెమ్మదిగా నడిచినా కుండీకి మంచిది, చల్లటి గాలి తగులుతుంది. దారిలో వచ్చే షిమిలిగూడ స్టేషను ఆంధ్రలోది, కోరాపుట్ జిల్లా సెమిలిగూడ కాదు. గది సెమిలిగూడలో తీసుకుని అక్కడ దిగితే ఇబ్బందే. కోరాపుట్ స్టేషను ఊరికి దూరం, రాత్రి దిగేవాళ్లు ఆటో ముందే మాట్లాడుకోవాలి.

పూత అయ్యాక ఆకులు ముడివెయ్యకండి, కనీసం ఆరు వారాలు కొయ్యకండి. వచ్చే ఏటి మొగ్గకు తిండి ఆ ఆకే. బాకా రకాలు ఇక్కడ రెండో ఏడు పూస్తాయని ఆశ పెట్టుకోనక్కర్లేదు. టాజెట్టాలు మాత్రం దాచదగ్గవి. ఆకు పండగానే, వానలు దిగకముందే దుంపలు తవ్వి వలసంచిలో గాలి ఆడేచోట వేలాడదీయండి. జూన్ వానలో నేలలోనే వదిలేస్తే కుళ్లిపోతాయి. ఈ వర్గానికి ఎండాకాలపు వేడి హాని చెయ్యదు సరికదా, లోపల మొగ్గ కట్టడానికి తోడ్పడుతుంది. ఇంగ్లండు దగ్గరి సిల్లీ దీవుల రైతులు 'సొలేయ్ దోర్' ముందుగా పూయడానికి పొలంలో పొగ పెడతారు. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో ఆ సంచిని పొయ్యి పొగ తగిలే దూలానికి కొన్నాళ్లు కట్టి చూడవచ్చు, పిల్లలకూ పశువులకూ అందనంత ఎత్తులో.